సుద్దలా తెల్లబడేదాకా

నాకు మొదటినుంచీ శుభ్రం పిచ్చి. వంటింటి మడి నా పళ్ల క్లినిక్‌కీ తెచ్చుకున్నాను. పిప్పి తీసిన గుంటలో తడి కనిపిస్తే ప్రాణం ఒప్పేది కాదు. గాలి సిరంజి పట్టుకుని సుద్దలా తెల్లబడేదాకా ఊదేదాన్ని.

అలా ఊదమని కాలేజీలో చెప్పిన మాట నిజమే, కానీ పంటి పైపొర ఎనామెల్‌కి. 1955లో బ్యూనోకోర్ అనే పరిశోధకుడు ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకుచేసి రెసిన్ అంటించి చూపించింది దానిమీదే. బరువులో 96 శాతం దాకా ఖనిజమే కాబట్టి ఎంత ఆరినా దానికేం కాదు. నా బుర్రతక్కువతనం దానికింది డెంటిన్‌కీ అదే మంత్రం చదవడం. డెంటిన్‌లో సుమారు 30 శాతం కొల్లాజెన్, నీరు. ఆ ఆమ్లం ఉన్న నీలం జెల్ 15 సెకన్లు ఉంచి కడిగితే పైపై ఖనిజం పోయి కొల్లాజెన్ పోగులు బయటపడతాయి. వాటిని నిలబెట్టేది ఆ తడే. ఫిల్లింగ్‌ని అంటించే రెసిన్, అంటే బాండ్, ఆ సందుల్లోకి దిగి గట్టిపడాలి. 1982లో నకబయాషి అనే పరిశోధకుడు వివరించిన హైబ్రిడ్ పొర అదే. నేను ఊదిన ఊపుకి పోగులన్నీ ఒకదానిమీదొకటి పడి అట్టకట్టేవి. ఇక బాండ్ ఎక్కడికి దిగుతుంది?

"సిమెంట్ పెట్టించుకున్న దగ్గర్నుంచీ చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందండీ" అని వచ్చేవారు. వాళ్ల బ్రష్‌నీ, వక్కపొడినీ తిట్టి పంపేదాన్ని. ఫిల్లింగ్ ఊడొస్తే బాండ్ సీసా మార్చాను. చెయ్యి మార్చుకోవాలని మాత్రం తట్టలేదు.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. పైనున్న మెత్తటి పిప్పిని స్పూన్‌తో గోకేశాక అడుగున తోలులా సాగే గోధుమరంగు పొర ఉంటుంది. దాని కొల్లాజెన్ చట్రం చెడలేదు. ఖనిజం మళ్లీ చేరగలదు. నాకు మచ్చ కనబడితే ఆగదుగా! కిర్రుమనేదాకా బర్ తిప్పేదాన్ని. ఓ స్కూలు పిల్లవాడికి అలాగే అడుగున ఎర్రటి చుక్క పైకొచ్చింది. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ అయింది. ఫీజు కూడా తీసుకున్నాను.

ఇప్పుడు అంచు చుట్టూ గట్టి పన్ను తగిలేదాకా తీసి, నరం మీద మాత్రం ఆ గోధుమపొరను వదిలేస్తున్నాను. దానిమీద బాండ్ పట్టు తక్కువే: ఖనిజం తక్కువ, నీరు ఎక్కువ, డెంటిన్‌లోని సన్నటి గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. అందుకే భారమంతా అంచుమీద వేస్తాను. పన్నులోని ఎంజైములే బాండ్ అందని పోగుల్ని మెల్లగా తినేస్తాయి కాబట్టి, నీలం జెల్ కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ రాసి, తర్వాత బాండ్‌ని బ్రష్‌తో తీరిగ్గా రుద్దుతాను.

మొన్నొకాయన గుంటని ఫోన్లో ఫొటో తీయించుకుని, "ఇంకా నల్లగానే ఉంది కదమ్మా?" అన్నారు. "ఉండనివ్వండి" అన్నాను గానీ, చెయ్యి బర్ వైపే లాగింది. సిరంజి సంగతి మా అసిస్టెంటమ్మాయి చూసుకుంటుంది. నేను గాలి అడిగితే దూదుండ అందిస్తుంది.