ఎవరినీ అడగకుండా అవసరాలు సేకరించడం ఎలా?

కంపెనీలో డెవలపర్ల కోసం పోర్టల్ కట్టదలచుకున్నారా? అయితే ముందు డెవలపర్లకు దూరంగా ఉండండి. వాళ్లను కదిలిస్తే అన్నీ చిల్లర గొడవలే బయటపడతాయి: ఈ సర్వీసు ఏ టీముది, అర్ధరాత్రి అది పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, కొత్త డేటాబేస్ కావాలంటే టికెట్ ఎక్కడ వేయాలి. వీటికి బడ్జెట్ ఎవరిస్తారు? మేనేజర్లను మీటింగ్ రూములో కూర్చోబెట్టి, ఎక్సెల్ షీటు తెరిచి, ఎవరేం చెప్పినా రాసుకోండి. సర్వే తప్పదంటే "సెర్చ్ కావాలా? డాష్‌బోర్డు కావాలా?" అని అడగండి. ఊరికే వచ్చేదాన్ని ఎవరూ వద్దనరు. "పోయిన వారం మీ పని ఎక్కడ ఆగింది?" అని మాత్రం పొరపాటున కూడా అడగవద్దు. ఆ జవాబులో కోరికలు కాక జరిగినవి ఉంటాయి. వాటిని స్లైడులో అందంగా చూపించడం కష్టం.

ఇంత శ్రమ ఎందుకు, స్పాటిఫై 2020 మార్చిలో ఓపెన్ సోర్స్ చేసిన బ్యాక్‌స్టేజ్ అనే పోర్టల్ టూలును తెచ్చి పెట్టుకుంటే చాలదా అని కొందరంటారు. భేషైన ఆలోచన! టూలు ఉచితంగా వస్తుంది, దాన్ని పుట్టించిన ఇబ్బంది ఎవరికి వారిదే. దాని కేటలాగ్‌లో ప్రతి కాంపొనెంటుకూ ఓనర్ పేరు తప్పనిసరి. ఆ గడి నిజాయితీగా నింపాలంటే ఏ సర్వీసు ఎవరిదో టీముల మధ్య ముందే తేలాలి. అది కోడ్ రాస్తే తీరే తగాదా కాదు. కాబట్టి తేలనివాటన్నిటికీ ‘ప్లాట్‌ఫాం టీం’ అని రాసి పడేయండి. గడి నిండుతుంది, ఎర్ర గుర్తు పోతుంది, ఫోన్ ఎవరికి చేయాలన్నది మాత్రం తేలదు.

డెవలపర్లను అడిగినా వాళ్లకు తమకేం కావాలో తెలియదన్నది ఇంకో వాదన. అందులో కొంత నిజముంది, నోటి మాటతోనే అవసరాలు తేలవు. అయితే చాట్‌లో పదే పదే వచ్చే ప్రశ్నలూ, రోజుల తరబడి కదలని టికెట్లూ ఎవరూ అడగకుండానే సాక్ష్యం చెబుతాయి. కొత్తగా చేరినవాళ్లు పదో పుల్ రిక్వెస్టు పెట్టడానికి ఎన్ని రోజులు పడుతోందో స్పాటిఫై లెక్క చూసుకుంది. మీరు అలాంటి కొలతల జోలికి వెళ్లకండి. పోర్టల్‌ను అందరి బ్రౌజర్లలో హోమ్ పేజీగా పెట్టించి, తెరిచిన ప్రతిసారీ వాడినట్టే లెక్కేయండి. పని తగ్గిందో లేదో కొలవకపోతే, తగ్గలేదని నిరూపించే ఆధారమూ ఉండదు. రెండో వెర్షన్‌కు బడ్జెట్ అడగడానికి అంతకన్నా అనువైన పరిస్థితి దొరకదు.