రూబ్రిక్ నాన్న

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొపెల్, ఎక్కడికి వెళ్ళినా సరే, తెలుగువాళ్ళ ఇళ్ళు పది ఉన్న వీధిలో రూబ్రిక్ నాన్న ఒకడు తగులుతాడు. గుర్తుపట్టడం తేలిక. మిగతా ఇళ్ళలో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలించే చోట ఈయనింట్లో మార్కుల పట్టిక ఉంటుంది. అదే రూబ్రిక్. లామినేషన్ కూడా చేయించాడు. ఏప్రిల్లో వాళ్ళింటికి భోజనానికి వెళ్తే పప్పు కంటే ముందు దాన్నే వడ్డిస్తాడు.

"ఐడియాలకి మూడు, గ్రామర్‌కి రెండు. ఐదుకి ఐదూ వస్తే రెట్టింపు చేసి పది. కానీ ఐడియాల్లో సున్నా వచ్చిందనుకోండి, గ్రామర్ ఎంత బాగున్నా దానికీ సున్నాయే. అర్థమైందా అన్నయ్యా?"

అర్థం కాకపోయినా తలూపాలి. లేకపోతే మార్కర్ పెన్ను మూత తీస్తాడు.

టెక్సాస్ ప్రభుత్వ బళ్ళలో మూడో తరగతి మొదలు ఎనిమిది దాకా పిల్లలకి ఏటా వేసవి ముందు స్టార్ అనే పరీక్ష పెడతారు. ఒకప్పుడు అందులో రాత పరీక్ష నాలుగో తరగతికీ ఏడో తరగతికీ మాత్రమే ఉండేది. 26 గీతలున్న కాగితం ఇచ్చేవాళ్ళు, అందులో సరిపెట్టాలి. 2023 నుంచి లెక్క మారింది. చదవడం, రాయడం ఒకే పరీక్షలో కలిసిపోయి అన్ని తరగతులకీ వ్యాసం వచ్చిపడింది. అదీ కంప్యూటర్ మీదే. ఏదో ఒక పాఠం ఇస్తారు, అది చదివి దాని మీద 2,300 అక్షరాలు మించకుండా రాయాలి. అక్షరమంటే ఖాళీ జాగా కూడా అక్షరమే. చిన్న జవాబులైతే 475. ఈ రెండు అంకెలూ రూబ్రిక్ నాన్నకి పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు. ఆ మాట ఆయన భార్య చెప్పింది.

వృత్తిరీత్యా ఈయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్. ఒకరు రాసినదాంట్లో తప్పులు పట్టడమే ఉద్యోగం. పగలంతా ఆఫీసు వాళ్ళ తప్పులు పట్టి, సాయంత్రం ఆరింటికి నాలుగో తరగతి కూతురు రాసిన వ్యాసం తెరుస్తాడు. ఎక్సెల్ షీట్లో దానికో వరస ఉంటుంది: తేదీ, పాఠం పేరు, అక్షరాలెన్ని, ఆధారాలెన్ని, స్పెల్లింగ్ తప్పులెన్ని, సీరియస్‌నెస్ ఎంత. చివరి గడిలో ఎరుపో పసుపో ఆకుపచ్చో. పిల్ల బడి నుంచి రాగానే బ్యాగు పడేసి ముందు ఆ గడి రంగు చూసుకుంటుంది.

ఇంతా చేసి ఈయన జన్మలో సొంతంగా ఒక్క వ్యాసం రాసిన పాపాన పోలేదు. పదో తరగతిలో గైడు కొనుక్కుని వ్యాసాలన్నీ బట్టీ పట్టాడు. పరీక్షలో "మీ ఊరి జాతర" అని అడిగితే, తమ ఊళ్ళో ఏటా జరిగే గంగమ్మ జాతర వదిలేసి గైడులో జాతర దించేశాడు. ఆ జాతరలో ఏనుగులున్నాయి. వాళ్ళ ఊరి గట్టు మీదికి ఏనుగు సంగతి దేవుడెరుగు, సర్కసు బండి కూడా ఎప్పుడూ ఎక్కలేదు. అయినా పదికి ఎనిమిది వచ్చాయి. వ్యాసం రాయడమంటే ఏమిటో ఆయనకి ఆ రోజే తెలిసిపోయింది, ఆ తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం రాలేదు.

మొన్నామధ్య నేను వెళ్ళినప్పుడు టేబుల్ మీద తేనెటీగల పాఠం ఉంది. తేనెటీగలు ఎందుకు ముఖ్యమో వివరించమని ప్రశ్న. పిల్ల రెండు వేళ్ళతో కొడుతూ ఇలా మొదలుపెట్టింది. రాసింది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెబుతున్నాను: "తేనెటీగ మనల్ని కుడితే అది చచ్చిపోతుంది. నాకు మంట, దానికి ప్రాణం. ఇది దానికి ముందే తెలుసా?"

నేను చదివి అలాగే ఉండిపోయాను. రూబ్రిక్ నాన్న కూడా చదివాడు. చదివి, "ప్రశ్న ఎవరు అడగాలి? వాళ్ళు అడగాలి. నువ్వు అడిగితే జవాబెవరు రాస్తారు?" అన్నాడు. తర్వాత 'నాకు' అన్న మాట మీద వేలు పెట్టాడు. "నువ్వెవరు బంగారం ఇందులో? పాఠంలో ఉన్నావా? లేవు. తీసెయ్." బ్యాక్‌స్పేస్ నొక్కి పట్టుకుంటే అక్షరాలు వెనక్కి వెనక్కి చెరిగిపోయాయి. ఆ చోట కొత్త వాక్యం వెలిసింది: "వ్యాసకర్త చెప్పినట్లుగా, తేనెటీగలు పలు కారణాల వల్ల ముఖ్యమైనవి. మొదటిది, రెండో పేరాలో పేర్కొన్నట్లుగా..."

"చూశారా అన్నయ్యా, ఆధారం వచ్చేసింది" అన్నాడు నా వైపు తిరిగి. మార్కుల సంగతి అడిగితే ఈయన మాటే నిజం. పిల్ల వాక్యానికి ఆ పట్టికలో గడి లేదు. ఈయన వాక్యానికి ఉంది. అందుకే ఈయనతో వాదించి గెలిచిన వాళ్ళు ఇంతవరకూ లేరు.

అక్కడి బళ్ళలో రేస్ అని ఒక సూత్రం నేర్పుతారు. ప్రశ్నని తిరగ చెప్పు, జవాబు చెప్పు, ఆధారం చూపించు, వివరించు. టీచరు దాన్ని పరీక్ష వరకే నేర్పింది. రూబ్రిక్ నాన్న జీవితానికి అన్వయించాడు. పొద్దున్నే "ఏం తింటావు నాన్నా?" అంటే పిల్ల మంచం మీదే కూర్చుని చెప్పాలి: "నేను ఏం తింటానంటే దోసె తింటాను. ఎందుకంటే ఫ్రిజ్‌లో మధ్య అరలో పిండి ఉంది. దీన్నిబట్టి అమ్మ కూడా దోసే అనుకుంటోందని తెలుస్తోంది." ఇదంతా అయ్యేసరికి బడి బస్సు వచ్చేస్తుంది. పిల్ల నోట 'ఫర్దర్‌మోర్' మాట ఎంతగా పడిపోయిందంటే, నాలుగేళ్ళ తమ్ముడితో దెబ్బలాడేటప్పుడు కూడా, "నువ్వు నా పెన్సిల్ విరిచావు. ఫర్దర్‌మోర్, నాలిక చూపించావు" అంటోంది. తమ్ముడు ఆధారం లేకుండానే ఏడుస్తున్నాడు.

ఇంట్లో భాష సంగతి ఇంకో కథ. టెక్సాస్ బళ్ళో పిల్లని చేర్చేటప్పుడు ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీషు ఎంత వచ్చో చూస్తారు, చాలదని తేలితే టెల్పాస్ అని ఏటా మరో పరీక్ష. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ. అందుకని వాట్సాప్ గ్రూపులో పెద్దలు ముందే హెచ్చరిస్తారు: "కళ్ళు మూసుకుని ఇంగ్లీష్ అని పెట్టెయ్యండి." ఈయనా పెట్టేశాడు. ఇంకొకడైతే అక్కడితో మర్చిపోయేవాడు. ఈయన టెస్టింగ్ మనిషాయె, కాగితంలో ఒకటీ ఇంట్లో ఇంకొకటీ ఉంటే నిద్రపట్టదు. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని తీర్మానం. మజ్జిగ పులుసు చేసిన రోజు దాన్ని ఏమని పిలవాలో తెలియక భార్యాభర్తలు మౌనంగా తిన్నారు.

నవ్వుకుంటాం గాని ఈయన భయం ఉత్తుత్తిది కాదు. క్లయింట్ కాల్‌లో ఈయన నాలుగు ముక్కలు మాట్లాడగానే అవతలి వాడు "సారీ, మళ్ళీ చెప్పండి?" అంటాడు. చెబితే మళ్ళీ సారీ అంటాడు. పని తెలుసని అందరూ ఒప్పుకుంటారు, ఏటా సమీక్షలో మాత్రం 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అన్న వాక్యం తప్పదు. పైగా ఆ సమీక్ష మీదే వీసా కాగితాలూ, ఇంటి వాయిదాలూ నడవాలి. ఇప్పుడు ఈయన రాసే ఈమెయిళ్ళు పిల్లే చూసి పెడుతుంది. "నాన్నా, ఇక్కడ 'ద' రావాలి. ఇక్కడ 'ద' రాకూడదు" అని ఎర్రరంగు పూసి ఇస్తుంది. ఎందుకు రావాలో అడిగితే దానికీ తెలియదు. చెవికి తెలుసు, అంతే. ఆ చెవికి ఎన్ని మార్కులో పట్టికలో లేనందుకు ఈయన చాలా బాధపడతాడు.

ఒకసారి పాట్‌లక్ విందులో ఎవరో సారా హోల్‌బ్రుక్ సంగతి ఎత్తారు. ఆవిడ అమెరికన్ కవయిత్రి. ఆవిడ కవితలు టెక్సాస్ పరీక్షల్లో వచ్చాయి. వాటి మీద అడిగిన ప్రశ్నలకి తనకే జవాబులు తెలియడం లేదని 2017లో ఆవిడే బాహాటంగా రాసింది. కవిత రాసిన మనిషికే జవాబు తెలియకపోతే పిల్లలకెలా తెలుస్తుందని అందరూ నవ్వుతున్నారు. రూబ్రిక్ నాన్న నవ్వలేదు. పులిహోర ప్లేటు పక్కన పెట్టి, "ఆవిడ ప్రాక్టీస్ టెస్టులు చేసి ఉండదు" అన్నాడు.

పరీక్ష ముందు ఆదివారం ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ప్రదక్షిణలు. పిల్ల వెనక నడుస్తుంది, ఈయన ముందు నడుస్తూ పెదవులు కదుపుతుంటాడు. హనుమాన్ చాలీసా అనుకుంటాం. దగ్గరికెళ్ళి వింటే, "పరిచయం, ఆధారం, వివరణ, ఆధారం, వివరణ, ముగింపు." పరీక్షనాడు పిల్లకి నాన్నమ్మ పెరుగూ పంచదారా నోట్లో పెట్టి పంపించింది. ఆవిడ తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చట్టం ఆవిడకి వర్తించదు. వర్తింపజేయడానికి ఒక్కసారి ప్రయత్నించి, "ఒరే, నేను నోరు మూసుకుంటే నీకు అన్నమెవరు వడ్డిస్తార్రా?" అన్నాక మానుకున్నాడు.

ఫలితాలు నాలుగు మెట్లుగా ఇస్తారు. అన్నిటికంటే పైమెట్టు పేరు మాస్టర్స్. ఈయన ఆ డిగ్రీ కోసం పొలం తాకట్టు పెట్టించి విమానమెక్కిన మనిషి, పిల్ల నాలుగో తరగతిలోనే చెయ్యలేకపోవడమేమిటని పట్టుదల. క్రితం ఏడు పిల్ల ఆ మెట్టుకి రెండు ప్రశ్నల దూరంలో ఆగిపోయింది, వ్యాసంలో పదికి నాలుగొచ్చాయి. పిల్ల ఐస్‌క్రీం తిని మర్చిపోయింది. ఈయనకి మాత్రం ఇంజనీరింగ్ రోజులు గుర్తొచ్చి రక్తం ఉడికింది. రీవాల్యుయేషన్! అక్కడా ఉంది ఆ సదుపాయం, బడి తరఫున 50 డాలర్లు కట్టాలి, మార్కు పెరిగితే ఆ రుసుం తీసుకోరు. డల్లాస్ విద్యా జిల్లా 2024లో అలా 4 వేల పైచిలుకు పేపర్లు మళ్ళీ దిద్దిస్తే 40 శాతానికి పైగా పేపర్లకి మార్కులు పెరిగాయని ఈయన కంఠతా చెబుతాడు. మన పేపరుకి పెరగలేదు.

2025లో అక్కడి శాసనసభ ఈ స్టార్ పరీక్షని ఎత్తేస్తూ చట్టం చేసింది. 2027-28 నుంచి దాని బదులు ఏడాదిలో మూడుసార్లు చిన్న పరీక్షలు పెడతారు. ఆ వార్త వచ్చిన రోజు వీధిలో తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. ఈయన కాస్ట్‌కోకి వెళ్ళి మార్కర్ల పెద్ద ప్యాకెట్ తెచ్చాడు. చిన్నవాడున్నాడుగా.

అసలు మలుపు వచ్చింది మొన్న రీవాల్యుయేషన్ ఎందుకు తన్నిందో ఆరా తీస్తున్నప్పుడు. పిల్లల వ్యాసాల్ని 2023 డిసెంబరు నుంచి ముందుగా కంప్యూటర్ దిద్దుతోంది. అంతకు ముందు 6 వేలమంది దాకా తాత్కాలికంగా దిద్దేవాళ్ళు కావలసి వచ్చేది, 2024కి 2 వేల లోపే చాలన్నారు. నాలుగో వంతు పేపర్లని మాత్రం మనుషులు మళ్ళీ చూస్తారు. వేసిన మార్కు మీద యంత్రానికి నమ్మకం కుదరకపోయినా, పిల్లలు రాసిన దాంట్లో వాడుక మాటలో వేరే భాష మాటలో ఎక్కువగా తగిలి దానికి అంతు చిక్కకపోయినా ఆ పేపరు కూడా మనిషి చేతికే పోతుంది.

ఈ చివరి ముక్క చదివి ఈయన లేచి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"అంటే అన్నయ్యా, మధ్యలో గట్టి తెలుగు మాటలు నాలుగు పడేస్తే మెషిన్ తెల్లమొహం వేస్తుంది. పేపరు మనిషి దగ్గరికెళ్తుంది. మనిషైతే కాస్త జాలి పడతాడు కదా?"

"పడొచ్చు, పడకపోవచ్చు" అన్నాను.

అప్పటికే తెల్లబోర్డు సగం తుడిచేశాడు. 'తెలుగు, కంట్రోల్డ్ డోస్' అని శీర్షిక పెట్టాడు. పేరాకి ఒకటా రెండా, మాట పక్కన అర్థం రాయాలా వద్దా, మరీ ఎక్కువైతే టెల్పాస్ వాళ్ళకి తెలిసిపోతుందా, ఈ బాపతు లెక్కలు వేస్తూ వంటింటి వైపు కేకేశాడు. ఇంట్లో తెలుగు మానేశాక ఈయన తెలుగులో వేసిన పెద్ద కేక అదే అనుకుంటాను.

"అమ్మా! తేనెటీగల మీద మంచి తెలుగు మాట ఒకటి చెప్పు. మెషిన్‌కి దొరక్కూడదు."

ఆవిడ తడిచేతులు చీరచెంగుకి తుడుచుకుంటూ వచ్చి పిల్ల పక్కన కుర్చీలో కూలబడింది. "జుంటితేనె అని రాయి తల్లీ."

"జుంటి అంటే ఏంటి నాన్నమ్మా?"

"జుంటీగలని ఉంటాయిలే, పొదల్లో పట్టు పెడతాయి. మీ తాత ఒకసారి ఏం చేశాడో తెలుసా? లుంగీ తలకి చుట్టుకుని, చేతిలో పొగపెట్టే గడ్డి పట్టుకుని, చెరువు గట్టు మీద తుమ్మచెట్టు కిందికి..."

పిల్ల కీబోర్డు మీంచి చేతులు తీసేసి గెడ్డం కింద పెట్టుకుంది. చిన్నవాడు కూడా వచ్చి నాన్నమ్మ ఒళ్ళోకి పాకాడు. తాత చెట్టు కిందికి చేరాడు, పొగ లేచింది, ఈగలు లేచాయి, తలకి చుట్టిన లుంగీ ఊడింది, ఆవిడ గొంతు కూడా లేచింది.

రూబ్రిక్ నాన్న గడియారం చూసుకున్నాడు. "అమ్మా, ఖాళీలతో కలిపి రెండువేల మూడొందలు దాటకుండా చెప్పు."