వారధి ఎక్కి వెళ్లిపోయేవాళ్లకి

ఒరే అబ్బాయ్, సెయింట్ ఆన్స్ చర్చి ముందు కారు ఇంజనైనా కట్టెయ్యకుండా నాలుగు ఫొటోలు తీసుకుని పోతున్నావే, నీతోనే మాట్లాడుతున్నాను. ఇటలీలో కొండమీద ఊళ్లుంటాయట, ఊరికో పాతకాలపు చర్చి ఉంటుందట, మీవాళ్లు లక్షలు పోసి చూసొస్తున్నారు. చూసి రండి, మంచిదే. మరి మన యానాంలో 1846లో కట్టిన చర్చి ముందు నువ్వెంతసేపు నిలబడ్డావు?

మా రోజుల్లో కోనసీమ నుంచి యానాం రావాలంటే గోదారి తల్లి సరే అనాలి. ఎదుర్లంక రేవులో పడవ కోసం పడిగాపులు పడాలి. వరదొస్తే అంతే సంగతులు, మూటా ముల్లే సర్దుకుని వెనక్కే. అయినా ఆ కాసేపట్లోనే ఎవరింట పెళ్లి, కొబ్బరికాయ ఏం ధర పలుకుతోంది, అన్నీ తెలిసేవి. 2002లో బాలయోగి వారధి వచ్చింది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడకూతుర్ని కాకినాడ చేర్చడానికి అది దేవుడిచ్చిన వరమే, కాదనను. కానీ అప్పట్లో యానాం వచ్చినవాడు యానాంలో దిగేవాడు. ఇప్పుడు దాటిపోతున్నాడు.

మెట్టకూరులో మా ఇంటికి, గాలి ఇటు తిరిగిందంటే చర్చి గంట వినబడేది. మా పూజ వేంకటేశ్వరస్వామికే గానీ, మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది మాత్రం ఆ గంటకే. జూలై 26న ఆ చర్చిలో అన్నమ్మ తల్లి, అదే సెయింట్ ఆన్, పండగ. సరిగ్గా గోదారి ఎర్రనీళ్లతో దిగే రోజులు, పులస కోసం మగాళ్లంతా రేవు చుట్టూ తిరిగే రోజులు. ఇప్పుడు మోటారు సైకిళ్ల హారన్ల మధ్య గంట మోగినా ఎవడికి వినబడుతుంది?

ఆ చర్చి గోడల సంగతి కూడా విను. 1839 నవంబరు ఉప్పెన మన పక్కనున్న కోరంగిని ఊడ్చేసింది. ఏడేళ్లు తిరక్కుండా ఇక్కడ చర్చి లేచింది. 1996 నవంబరు తుపానుకి మా కొబ్బరిచెట్లు తలలు విరుచుకు పడ్డాయి, అది మాత్రం నిలబడింది. ఆ కాలపు కట్టుబడికి తొందరుండేది కాదు. సున్నాన్ని గోతిలో నానబెట్టి, ఇసక కలిపి, ఎడ్లు కట్టిన గానుగలో నూరేవారు. పూతకైతే కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కూడా పోసేవారు. సున్నపు గోడ తాగిన చెమ్మని మళ్లీ బయటికి వదిలేస్తుంది. మీరేమో పాత మేడకి సిమెంటు మెత్తి, రెండు వానలకి పెచ్చులూడిపోతుంటే పాతగోడ పాడైందంటారు. ఊపిరాడకుండా మూసేసి గోడనంటే ఎలారా?

అందుకని పెద్దవాడి మాటగా రెండు చెబుతాను. తాతలనాటి ఇల్లు బాగుచేయించాలనుకుంటే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతుకు, ఆ తర్వాతే సిమెంటు కొట్టుకి వెళ్లు. ఈసారి యానాం వచ్చినప్పుడు కారు దూరంగా ఆపి, ఫోను జేబులో పెట్టి, చర్చి లోపల బల్లమీద అరగంట కూర్చో. మీ పిల్లల్ని కూడా కూర్చోబెట్టు.