తినేది మా కరెంటు, వినేది వాళ్ల మాట

తెర ఎడమ మూలన ఒక చిన్న చెయ్యి లేస్తుంది. కొన్ని ప్లేయర్లలో చెయ్యి బదులు అడ్డగీత కొట్టిన సున్నా. రెండూ చెప్పేది ఒకటే: కుదరదు, కూర్చో. ప్లేయరు మనం కొన్నది, డిస్కు మనం కొన్నది, టీవీ ఇంకా వాయిదాల్లో కొంటున్నది. ఇంట్లో ఎవరూ మాట వినని మగమహారాజుకు మిగిలిన ఒక్కగానొక్క అధికార దండం రిమోటు. దాని పరువు కూడా డీవీడీ ప్లేయరు తీసేసింది.

ప్లేయరు చెడిపోయి ఆ చెయ్యి లేస్తోందనుకుని జనం దాన్ని రెండు చరిచి చూసేవారు. పాపం, అది నిక్షేపంలా పనిచేస్తున్నట్టు గుర్తు. 1996 చివర్లో జపాన్‌లో, 97లో అమెరికాలో డీవీడీ అమ్మకానికి వచ్చేనాటికే దాని ప్రమాణాల్లో ఈ ఏర్పాటుంది. సినిమాలో ఏ ఘట్టం దగ్గర ఏ బటన్ పనిచెయ్యకూడదో డిస్కు తయారుచేసినవాడు డిస్కులోనే రాసిపెట్టుకోవచ్చు. ముందుకు జరపొద్దంటే జరపకూడదు, మెనూ చూపొద్దంటే చూపకూడదు. ప్రమాణాలు పాటించే ప్లేయరు తలొంచాల్సిందే. కొన్నవాడు ఎంత గట్టిగా నొక్కినా సరే, బటన్ మీద అచ్చు చెరిగిపోతుందే తప్ప ఆజ్ఞ చెరగదు.

ఆ చెయ్యి ఎక్కువగా లేచేది హెచ్చరికల దగ్గర. సినిమాను న్యాయంగా కొన్నవాడికి మొదట దర్శనమిచ్చేది హీరో కాదు, శిక్షల పట్టిక. మన డిస్కయితే 1957 నాటి కాపీరైట్ చట్టం: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అన్నయ్య అమెరికా నుంచి తెచ్చినదైతే ఎఫ్‌బీఐ వారి ముద్ర. గుడివాడలో లుంగీ, బనియనుతో పడక్కుర్చీలో కూర్చుని పకోడీలు తింటున్న పెద్దమనిషిని వాషింగ్టన్ నుంచి ఎఫ్‌బీఐ బెదిరిస్తుంటే, ఆయన చేతిలో పకోడీ అలాగే ఉండిపోయేది.

2004లో హాలీవుడ్ వాళ్లు ఇది చాలదని ఒక ప్రకటన తీశారు. కార్లు దొంగిలించవు కదా, సినిమాలెందుకు దొంగిలిస్తావని నిలదీస్తుందది. కటిక చీకటి, వణికే అక్షరాలు, దడదడలాడే సంగీతం. దాటేద్దామంటే మళ్లీ చెయ్యి. ఇంతకీ అది చూసిందెవరు? డిస్కు కొన్నవాళ్లు. ఫుట్‌పాత్ మీద పాలిథిన్ కవరులో దొరికే దొంగ డిస్కులో ఇదేమీ ఉండదు, నొక్కగానే టైటిల్సు. బడికి రానివాళ్ల మీద కోపంతో వచ్చిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మాస్టారి న్యాయం ఇది. పైగా ఆ ప్రచార సామగ్రిలో వాడిన అక్షరాల ఫాంటే మరొకరి ఫాంటుకు అనుమతిలేని నకలని 2025లో వార్తలొచ్చాయి. వాళ్ల తెర మీద మాత్రం ఏ చెయ్యీ లేవలేదు.

ఇక ప్రాంతాల పంపకం సంగతి. భూగోళాన్ని ఆరు ముక్కలు చేసి, ఒక ముక్కలో అమ్మిన డిస్కు ఇంకో ముక్కలో ఆడకుండా కట్టుదిట్టం చేశారు. అమెరికా, కెనడాలకు 1. పశ్చిమ యూరప్, జపాన్‌లకు 2. మనకు 5. ఈ అయిదో నంబరు కుటుంబంలో మనతోపాటు రష్యా, ఆఫ్రికాలో చాలా దేశాలు, మంగోలియా, ఉత్తర కొరియా ఉన్నాయి. అంటే న్యూజెర్సీలో ఉన్న సొంత అన్నయ్య పంపిన డిస్కు మనింట్లో ఆడదు కానీ, ప్యాంగ్యాంగ్ నుంచి ఎవరైనా చుట్టం పంపితే భేషుగ్గా ఆడుతుంది.

ఇది మనలాంటి మధ్యతరగతి వాళ్ల గోడే అయితే చెప్పుకునేవాళ్లం కాదు. 2009 మార్చిలో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ వాషింగ్టన్ వెళ్లారు. బానిస వ్యాపారాన్ని అడ్డుకున్న ఓడ కలపతో చెక్కించిన కలందానును ఒబామాకు కానుకగా ఇచ్చారు. బదులుగా ఒబామా 25 అమెరికన్ సినిమాల డీవీడీలు చేతిలో పెట్టారు. ప్రధానిగారు లండన్ చేరి, ఒక డిస్కు వేసుకుని కూర్చుంటే ఇది మీ ప్రాంతానికి చెందినది కాదని ప్లేయరు చెప్పిందని అక్కడి పత్రికలు రాశాయి. అణ్వాయుధాలున్న దేశపు ప్రధాని ఇంట్లో ప్లేయరుకే ఆ ధైర్యముంటే, మనింట్లో ప్లేయరు మనల్ని లెక్కచేస్తుందా?

బ్రౌన్‌గారికి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కది. అక్కడ ఈ అంతర్జాతీయ సరిహద్దులు టీ చల్లారేలోపు చెరిగిపోయేవి.

“అన్నా, అమెరికా డిస్కు నడుస్తదా?”

“నడుస్తలేదా? ఇటియ్, మల్టీ చేసిస్త.”

దుకాణంవాడు ట్రే బయటికి రప్పించి, రిమోటు మీద వరసగా నాలుగైదు బటన్లు, జపమాల తిప్పినట్టు కూడా కాదు, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు నొక్కేవాడు. తెర మీద ఎవరికీ చెప్పని ఒక రహస్య మెనూ తెరుచుకునేది. అందులో 5 అని ఉన్నచోట ఇంకో అంకె పెడితే సరి, ప్రపంచం ఏకమయ్యేది. అంటే తాళం వేసిన కంపెనీయే తాళంచెవిని గడప కింద దాచి వెళ్లిందన్నమాట. హాలీవుడ్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టూ ఉండాలి, సరుకూ అమ్ముడుపోవాలి.

ఈ విషయంలో పేరూ ఊరూ లేని చైనా ప్లేయర్లకు నేను రెండు చేతులా నమస్కారం పెడతాను. డబ్బా మీద కంపెనీ పేరు అక్షరదోషంతో ఉండేది, మాన్యువల్ చదివితే నవ్వొచ్చేది. కానీ చాలావాటికి ప్రాంతాల పట్టింపు లేదు. గీతలు పడిన డిస్కును కూడా దగ్గుతూ మూలుగుతూ ఆడించేవి. కొన్నయితే ఆ చెయ్యిని కూడా ఖాతరు చేసేవి కావు. పెద్ద కంపెనీ ప్లేయరు అదే డిస్కును రెండు చుట్లు తిప్పి ‘నో డిస్క్’ అని మొహమ్మీదే చెప్పేది. డిస్కు లేదట! దాని నోట్లో మన చేత్తో పెట్టాం, కళ్లారా చూశాం, లోపల తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చదవడం రాకపోతే రావట్లేదనాలి గానీ, లేదంటే ఎలా?

రిమోటు దగ్గరికొద్దాం. నలభై దాకా బటన్లు, అన్నీ కందిపప్పంత. బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలు. సినిమా చూడాలంటే గదిలో దీపం ఆర్పాలి, అక్షరాలు కనబడాలంటే వెయ్యాలి. రోజూ పనికొచ్చే ప్లే బటనూ, జన్మలో పనికిరాని ‘యాంగిల్’ బటనూ ఒకే సైజు. ఒకే సన్నివేశాన్ని తొమ్మిది కోణాల్లో చూసే సౌకర్యం డీవీడీకి ఉంది. 32 రకాల సబ్‌టైటిల్స్‌కు, 8 ఆడియోలకు కూడా చోటుంది. మన సినిమాలో యాంగిల్ నొక్కితే ఏమొస్తుంది? చెయ్యొస్తుంది.

‘ఎన్/పీ’ అని ఇంకొకటుండేది. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి, మన పాల్‌కు మధ్య మార్చే బటన్. అవసరం ఏడాదికోసారి పడితే గొప్ప. దాన్ని మాత్రం సౌండు బటన్ పక్కనే పెట్టేవారు. చీకట్లో వేలు జారిందా, బొమ్మ నలుపు తెలుపులోకి మారి కింది నుంచి పైకి పొర్లడం మొదలు. ఇంటిల్లిపాదీ కంగారు. మెకానిక్ వచ్చేవాడు, స్క్రూడ్రైవర్ తీసి పక్కన పెట్టేవాడు, ‘ఐసీ పోయిందేమో చూడాలి’ అని మనల్ని మంచినీళ్లకు పంపి, ఆ బటనే మళ్లీ నొక్కి, వంద తీసుకుని వెళ్లేవాడు. ఆ వందలో బటన్ పెట్టిన ఇంజినీరుకు వాటా ఉందేమోనని నాకిప్పటికీ అనుమానం. వీసీడీలకైతే ‘పీబీసీ’ ఉండేది. అది ఆన్‌లో ఉంటే డిస్కు చెప్పినట్టు మనం నడవాలి, ఆఫ్‌లో ఉంటే మనం చెప్పినట్టు డిస్కు నడుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడూ ఆన్‌లోనే వచ్చేదని వేరే చెప్పాలా?

అన్నిటికంటే నాకు నచ్చింది రిమోటు మీద ట్రే తెరిచే బటన్. మంచం మీద పడుకుని నొక్కితే గది ఆ చివర ట్రే బయటికొచ్చి నాలుక చాపుకుని నిలబడుతుంది. బాగుంది. డిస్కు పెట్టేదెవరు? లేచి అక్కడిదాకా వెళ్లేవాడికి ఆ బటన్ ప్లేయరు మీదే ఉంది కదా!

పిల్లల తాళం కూడా ఇచ్చారు. పెద్దలకు మాత్రమే అన్న సినిమాలు పిల్లలు చూడకుండా నాలుగంకెల పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. మరిచిపోతే ఎలాగని అసలు పాస్‌వర్డ్‌ను మాన్యువల్లో అచ్చువేసి మరీ ఇచ్చేవారు. ఇంట్లో మాన్యువల్ చదివేది ఎనిమిదో తరగతి కుర్రాడొక్కడే.

కరెంటు కోతల రోజుల్లో ప్లేయర్ల అసలు బుద్ధి బయటపడింది. వీసీడీలో పట్టేది 74 నిమిషాలు. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. సరిగ్గా విలన్ నిజం కక్కే వేళకు కరెంటు పోయేది. తిరిగొచ్చాక ప్లేయరు ‘హలో’ అని పలకరించేది, మొదటిసారి పరిచయమవుతున్నట్టు. ఎక్కడ ఆపామో చవకరకం ప్లేయర్లకు గుర్తుండేది కాదు. మళ్లీ కంపెనీ బొమ్మ, మళ్లీ హెచ్చరిక, మళ్లీ జైలు, మళ్లీ జరిమానా. జ్ఞాపకశక్తి పెట్టడం ఖరీదు వ్యవహారమేమో పోనీ అనుకుందామంటే, 2000 తర్వాత వచ్చిన కంప్యూటర్ డీవీడీ డ్రైవులను చూడండి. ప్రాంతం మార్చుకోవడానికి అయిదే అయిదు అవకాశాలు. ఆ లెక్క కరెంటు పోయినా, కంప్యూటర్ మార్చినా పోదు. మనం సినిమా ఎక్కడ ఆపామో గుర్తుండదు గానీ, మనం ఎన్నిసార్లు గీత దాటామో మాత్రం చచ్చేదాకా గుర్తు.

కంప్యూటర్ డ్రైవుకు కనీసం ముందువైపు ఒక సూదిబెజ్జం ఉండేది. కరెంటు లేకపోయినా పిన్నీసు విప్పి గుచ్చితే ట్రే బయటికొచ్చేది. కరెంటు ఎక్కువగా పోయేది ఇళ్లల్లో, బెజ్జం ఉన్నది కంప్యూటర్లో. చాలా హోం ప్లేయర్లకు ఆ ఊసే లేదు.

“బాబాయ్, నిన్న అద్దెకు తీసుకెళ్లిన డిస్కు ప్లేయర్లోనే ఇరుక్కుంది. కరెంటు రాగానే తెచ్చిస్తా.”

“కరెంటు సంగతి కరెంటోళ్లతో మాట్లాడుకోరా. రోజుకు పది రూపాయలు, రాసుకుంటున్నా.”

ఇంతకంటే ఘోరం అమెరికాలో జరిగింది. 1998లో డివిక్స్ అని ఒక పద్ధతి తెచ్చారు. నాలుగున్నర డాలర్లకు డిస్కు కొనుక్కోవాలి. మొదలుపెట్టిన 48 గంటల వరకు చూడొచ్చు. తర్వాత చూడాలంటే మళ్లీ డబ్బు. కాపలా ఎలాగంటారా? ప్లేయరుకు టెలిఫోను తీగ తగిలించాలి. అది ఎవరికీ చెప్పకుండా కంపెనీకి ఫోన్ చేసి, వీళ్లు ఏ సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్క అప్పగిస్తుంది. మన ఫోన్ మీద మన చాడీలు! జనం చీదరించుకున్నారు. మరుసటి ఏడాది జూన్‌లోనే దుకాణం కట్టేశారు. 2001లో అవతల ఫోన్ ఎత్తే దిక్కు కూడా లేకపోవడంతో, ముచ్చటపడి కొనుక్కున్న డిస్కులన్నీ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే మిగిలాయి.

2006లో బ్లూరే వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంటుందన్నారు, అబద్ధం కాదు. తొలి ప్లేయర్లు డిస్కు మింగాక ఆ బొమ్మ చూపించడానికి నిమిషం పైనే ఆలోచించేవి. ఆ కాసేపట్లో లోపల జరిగే పనుల్లో తాళాల తనిఖీ ఒకటి. తాళాలు మారుస్తూ పోతారు కాబట్టి, ప్లేయరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యకపోతే కొత్త సినిమా ఆడనని మొండికేసేది. పండక్కి అల్లుడొచ్చి కొత్త సినిమా వేస్తే, ముందు ఇంటర్నెట్ కనెక్షన్ అడిగిన ఘనత దానిది. ఈసారి ప్రపంచాన్ని మూడే ముక్కలు చేశారు. మనది సి. ఎ కాదు, బి కాదు, సి. సినిమా టికెట్లలో నేల క్లాసు నుంచి తప్పించుకున్నామని మురిసిపోయే లోపే డ్రాయింగు రూములోకి తెచ్చిపెట్టారు.

అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూరే ప్లేయర్లు తేబోమని 2019లో శాంసంగ్ చెప్పేసింది. 2024లో ఎల్‌జీ కూడా చేతులు దులుపుకుంది. ఇప్పుడంతా టీవీలోనే. రిమోటుకు బటన్లు తగ్గాయి. అంకెలు కూడా తీసేశారు. వాటి స్థానంలో నాలుగు ఓటీటీ కంపెనీల పేర్లతో నాలుగు బటన్లు, ఒక్కొక్కటీ బొటనవేలంత, చీకట్లో కూడా తప్పిపోకుండా. ఆ చోటు కోసం కంపెనీలు డబ్బు కడతాయి.

మా పక్కింటి రిటైర్డ్ తహసీల్దారుగారికి ఆ నాలుగింటిలో ఒక్కదానికీ చందా లేదు. ఆయన వార్తలు పెట్టుకోబోయినప్పుడల్లా వేలు వాటి మీదే పడుతుంది, టీవీ కార్డు నంబరు అడుగుతుంది.

“ఈ బటన్లు తీసేయించొచ్చా అమ్మా?” అని మనవరాలిని అడిగారు.

“రావు తాతయ్యా. వేరేదానికి మార్చుకోడానికీ కుదరదు.”

కాసేపు చూసి లేచి వెళ్లి, మందుల డబ్బాలోంచి నాలుగు బ్యాండెయిడ్లు తెచ్చారు.