కొండపల్లి బొమ్మల మీద వ్యాసం రాయడం ఎలా?

ముందు వ్యాసం ఇంటి దగ్గరే పూర్తిచేసుకుని బయల్దేరండి. విజయవాడ నుంచి కొండపల్లి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న ప్రయాణంలో అభిప్రాయాలు మార్చుకునే తీరిక దొరకదు. శీర్షిక ‘అంతరించిపోతున్న అపురూప కళ’. మీకన్నా ముందు వెళ్లినవాళ్లూ ఇదే పెట్టారు, కళ ఇంకా అంతరించలేదు. కాబట్టి శీర్షికకు ఢోకా లేదు.

బొమ్మల కాలనీలో దిగగానే అందరికన్నా ముసలాయన్ని వెతికి పట్టుకోండి. పక్కనే నలభై ఏళ్ల కొడుకు అదే పని ఇంకా చురుగ్గా చేస్తుంటే కాస్త జరగమనండి. కళ పోతోందని రాసి పక్కన వారసుడి ఫొటో వేస్తే ఏం బాగుంటుంది? దగ్గర్లోని థర్మల్ విద్యుత్ కేంద్రం (వీటీపీఎస్) పొగగొట్టాలు కూడా ఫొటోలో పడనివ్వకండి.

ఇక పెద్దాయన మాట్లాడతాడు. పనిమంతులతో వచ్చిన చిక్కే ఇది, పని గురించే మాట్లాడతారు. తెల్ల పొణికి చెక్కను చెమ్మ పోయేదాకా సన్నని సెగన ఆరబెట్టాలంటాడు. అంబారీ ఏనుగుకు తొండం, కాళ్లు, అంబారీ, మావటి అన్నీ విడివిడిగా చెక్కాలంటాడు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపితే మక్కు, దాంతో అతికించి, అతుకు కనబడకుండా ఆకురాయితో రుద్ది, సుద్ద పూసి, ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు... మీరు తల ఊపండి, రాసుకోకండి. ఇవన్నీ రాస్తే ‘ఆ వేళ్లలో ఏదో మాయ ఉంది’ అన్న మీ వాక్యానికి చోటెక్కడ?

రంగులు వేసే ఆడవాళ్ల పేర్లు అడగొద్దు. ‘ఇంటిల్లిపాదీ సాయపడతారు’ అంటే చాలు. బొమ్మకు ఎంత గిట్టుతుంది, చెక్క ఎంతకు దొరుకుతోంది అన్నవి మోటు ప్రశ్నలు. “మీ మనవడు ఈ పని చేస్తాడా?” అని అడగండి. చేయడంటే నిట్టూర్చండి. చేస్తాడంటే మళ్లీ అడగండి.

రాజస్థాన్ నుంచి వలస వచ్చారన్న కథ, కొండ మీద రెడ్డిరాజుల కోట, జీఐ గుర్తింపు, ఇవన్నీ ఒక్క పేరాలో కుక్కేయండి.

తిరిగొచ్చేటప్పుడు సంక్రాంతి కొలువుకు దశావతారాల సెట్టు కొనండి. బేరం సగం ధర దగ్గర మొదలుపెట్టండి. ఆ రాత్రే చివరి వాక్యం రాసేయండి: ‘ఈ కళాకారులను సమాజం ఆదుకోవాలి.’ పత్రికవాళ్లు చోటు చాలక పది లైన్లు తీసేయమంటే కంగారుపడకండి. పెద్దాయన మాటలు ఉన్నాయిగా, అవి తీసేయండి.