పాలలెక్క పుస్తకం

అతను వచ్చింది నిద్ర కోసం కాదు, వేలి కట్టు కోసం. ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి. కుడిచేతి చూపుడువేలు చివర చీరుకుపోయింది. పాత కట్టు విప్పి, గాయం కడిగి, మందు పెట్టి, కొత్త గుడ్డ చుట్టేలోపే కుర్చీలో నిద్రపోయాడు. పచ్చి గాయం మీద మందు పడినా మెలకువ రాలేదు.

గురక మొదలైంది. బయట వరసలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. పెరిగి పెరిగి గురక ఒక్కసారిగా ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య గబగబా వచ్చి భుజం తట్టింది. అతను గట్టిగా ఊపిరి లాగి, కళ్లు తెరవకుండానే మళ్లీ గురక అందుకున్నాడు.

"ఇంతే సిస్టర్. ఇలా తట్టకపోతే ఊపిరి అందుకోడు" అంది ఆవిడ.

మాది విజయవాడలో దాతల డబ్బుతో నడిచే చిన్న క్లినిక్. అక్కడ నేను నర్సుని. రోజూ జనరల్ డాక్టరు ఉంటారు. శనివారం సాయంత్రం ఊపిరితిత్తుల డాక్టరు గారు వచ్చి రెండు గంటలు చూస్తారు. ఆయన కోసం వచ్చేది ఉబ్బసం వాళ్లు, దగ్గు వాళ్లు. గురకకు డాక్టరు దగ్గరికి రావాలని మా పేటలో ఎవరికీ తోచదు. గురక పెడుతున్నాడంటే ఒళ్లు మరిచి హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు. పెళ్లిళ్లలో, పుష్కరాల ప్రయాణాల్లో అదొక నవ్వులాట. గురక కన్నా దాని మధ్యలో వచ్చే నిశ్శబ్దమే ప్రమాదమని ఎవరూ చెప్పరు.

శనివారం రమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు.

డాక్టరు గారి దగ్గర రెండు కాగితాలుంటాయి. మొదటిదాంట్లో అవునో కాదో చెప్పాల్సిన ప్రశ్నలు ఎనిమిది. గురక ఉందా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా అని నాలుగు. బరువు, వయసు, మెడ చుట్టుకొలత, మగా ఆడా అని ఇంకో నాలుగు. టేపు పెట్టి మెడ కొలిచాను. 43 సెంటీమీటర్లు. వయసు 52. బీపీకి మాత్రలు వాడుతున్నాడు. అయిదు అవునులు వస్తేనే ప్రమాదం ఎక్కువని లెక్క. అతనికి ఏడు వచ్చాయి.

రెండోది మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో తయారుచేసిన ప్రశ్నల పట్టిక. టీవీ చూస్తూ, బస్సులో కూర్చుని, ఎవరితోనైనా మాట్లాడుతూ కునుకు పట్టే అవకాశం ఎంత అని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 24. పది దాటితే పగటినిద్ర మామూలుది కాదు.

అతను అన్నిటికీ సున్నాలు చెప్పుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు మాత్రం రెండు వేయమన్నాడు.

"వేలు ఎట్లా తెగిందో కూడా చెప్పు" అంది వెనక నుంచి భార్య.

అతను తల వంచుకున్నాడు. "మిషన్ దగ్గర నిద్రపోతున్నానని తెలిస్తే షెడ్డులో ఉంచరు సార్."

"షెడ్డుకు చెప్పడానికి కాదయ్యా, నీ వేళ్లు నీకు ఉంచడానికి" అన్నారు డాక్టరు గారు.

పట్టిక మళ్లీ మొదటినుంచి నింపాను. 17 వచ్చింది.

కాగితం అడుగున ఇంకో గడి ఉంది. 'పక్కన పడుకునేవారు చెప్పినది.' ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో సుమారుగా చెప్పమ్మా అని డాక్టరు గారు ఆవిడను అడిగారు. చాలామంది 'అప్పుడప్పుడు' అంటారు. 'నేను పడుకుంటే నాకేం తెలుస్తుంది' అనేవాళ్లూ ఉంటారు.

ఆవిడ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట నలిగిపోయి ఉంది. ఆవిడ తెల్లవారుజామున అపార్టుమెంట్లకు పాల ప్యాకెట్లు వేస్తుంది. నాలుగున్నరకల్లా బూత్ దగ్గర ఉండాలి. ఏ ఫ్లాటుకు ఎన్ని అరలీటర్లు, ఎవరు ఊరెళ్లారు, ఎవరు బాకీ అన్నీ అందులో ఉన్నాయి. చివరి పేజీ తిప్పింది. దాని మీద పాలలెక్క లేదు. నిలువుగా నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. అలాంటి అయిదేసి గీతల కట్టలు అయిదు. పక్కన విడిగా నాలుగు.

"శనివారం రమ్మన్నారు కదా అని ఒక గంట లెక్కపెట్టాను సార్. ఊపిరి ఆగినప్పుడల్లా ఒక గీత. సెల్‌ఫోన్లో టైము చూసుకుంటా పెట్టాను."

ఇరవైతొమ్మిది.

డాక్టరు గారు ఆ పేజీ అటూ ఇటూ తిప్పి చూశారు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు లేరన్నారు. ఆ పేజీని ఫైల్లో పెట్టాలి, ఇమ్మన్నారు. ఆవిడ చింపి ఇచ్చింది. ఎప్పుడు లెక్కపెట్టిందో అడిగి, పేజీ పైన రాసి, పిన్ను కొట్టాను.

తర్వాత ఆయన అతనికి జబ్బు గురించి చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. లేచిన సంగతి మనిషికి గుర్తుండదు. పది సెకన్లు ఆగితే ఒకటి కింద లెక్క. గంటకు అయిదు లోపయితే ఫరవాలేదు, ముప్పై దాటితే తీవ్రం. రాత్రంతా మంచం మీద ఉన్నా అతను నిద్రపోయింది ముక్కలు ముక్కలుగానే. బీపీ మాత్రలు రెండు రకాలు వేసినా లొంగకపోవడానికి అదీ ఒక కారణమే కావచ్చు.

ఇంట్లో పెట్టుకునే పరీక్ష మిషన్ ఇచ్చి పంపాము. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. తీసుకెళ్లినట్టు సాక్షి సంతకం కావాలి. ఆవిడ వరండాలో స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. నేనే వెళ్లి లేపి సంతకం పెట్టించుకున్నాను.

ఆ రికార్డు చూసి డాక్టరు గారు మళ్లీ మెచ్చుకున్నారు. ఈ పరీక్షలో కొందరికి నిద్రలో ఏదో ఒక తీగ ఊడిపోతుంది, మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇతనిది ఏడు గంటలూ చెక్కుచెదరకుండా వచ్చింది.

"రెండుసార్లు ముక్కు దగ్గర గొట్టం జారింది సార్. నేను సర్దాను" అంది ఆవిడ.

మిషన్ లెక్క గంటకు 31. ఎక్కువసేపు ఆగిన ఊపిరి 48 సెకన్లు. ఆక్సిజన్ 74కి పడింది.

"చూశావా సిస్టర్, ఈవిడ లెక్క 29, మిషన్ లెక్క 31. అదృష్టవంతుడివయ్యా నువ్వు" అన్నారు డాక్టరు గారు. అతను మొదటిసారి నవ్వాడు. నేనూ ఆ పాలలెక్క పేజీ తీసి జనరల్ డాక్టరుకు చూపించాను. తర్వాతి శనివారాల్లో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా చూపించాను. పక్కన పడుకునేవారు ఇలా చూడాలి అని చెప్పాను.

మాస్కు మిషన్ మొదలుపెట్టాము. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు ఈ వైద్యం గురించి ప్రకటించేదాకా, ముదిరిన కేసులకు గొంతు ముందు భాగంలో రంధ్రం పెట్టడమే దారి. ఆయన చేసింది వింటే తేలిక. గొంతు మూసుకుపోకుండా ముక్కులోంచి గాలి ఒత్తిడి పంపడం. ఆ సంగతి చెబితే మేస్త్రికి వెంటనే అర్థమైంది. "ట్యూబులో గాలి ఉంటే అణగదు సార్, అంతే కదా" అన్నాడు. మిషన్ కొనే స్తోమత లేదు. దాతలు కొనిచ్చిన వాటిలో ఒకటి అద్దె లేకుండా ఇచ్చాము.

మొదటి వారం ముక్కు ఎండిపోతోందన్నాడు. మాస్కు మార్చాము. మూడో వారానికి అలవాటుపడ్డాడు. మూడు నెలల తర్వాత మిషన్‌లో కార్డు తీసి చూస్తే రాత్రికి సగటున ఆరు గంటల ఇరవై నిమిషాలు వాడాడు. ఊపిరి ఆగడం గంటకు రెండుకు దిగింది. పగటినిద్ర పట్టికలో 17 కాస్తా 5 అయింది. బీపీ తగ్గింది, ఒక మాత్ర తీసేశాము. వేలు మానిపోయింది. షెడ్డులో ఇంకో మిషన్ కూడా తనకే అప్పజెప్పారని చెప్పాడు. ముఖంలో కళ వచ్చింది. వెళ్తూ వెళ్తూ నాకు స్వీట్ల పెట్టె ఇచ్చాడు. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఫైలు మీద 'మెరుగు' అని రాసి బీరువాలో పెట్టాను.

పది రోజులకు ఆవిడ ఒక్కతే వచ్చింది. పాలు వేసి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఖాళీ పాల ట్రే ఉంది. ఓపీ చీటీ తీసుకోలేదు. వరస అయిపోయేదాకా తలుపు పక్కన నిలబడింది.

"సిస్టర్, ఆ మిషన్ చప్పుడు సంగతి ఒకటి అడగాలి."

ఆ ఫిర్యాదు మామూలే. మాస్కు పక్కనుంచి గాలి కారితే బుస్సుమంటుంది. పక్కవాళ్లకు నిద్ర పట్టదు. "మాస్కు పట్టీలు బిగించి చూడమ్మా. చప్పుడు తగ్గుతుంది" అన్నాను.

"తగ్గడం కాదు సిస్టర్. కాస్త చప్పుడు వచ్చేలా పెట్టే వీలుందా?"

నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"గురక ఉన్నన్నాళ్లూ నాకు తెలిసేది. గురక వినబడితే ఊపిరి ఉన్నట్టు. ఆగితే లేనట్టు. ఆగినప్పుడు తట్టేదాన్ని. ఇప్పుడు రాత్రంతా ఆగినట్టే ఉంటోంది."

"మిషన్ ఆడుతోంది కదమ్మా. గాలి పోతూనే ఉంటుంది."

"తెలుసు సిస్టర్. తెల్లారాక తెలుస్తుంది. రాత్రి తెలియదు. చెయ్యి గుండె మీద పెట్టి చూస్తాను. పైకి లేస్తే పడుకుంటాను. మళ్లీ అనుమానం వస్తుంది, మళ్లీ లేస్తాను. నిన్న మూడో అంతస్తు మెట్ల మీద ట్రే పెట్టి కూర్చున్నాను. పాలు ఒలికిపోయాయి. వాచ్‌మన్ వచ్చి లేపాడు."

అప్పటికీ ఆవిడ అడిగింది తనకు మందు కాదు. మిషన్‌కు చప్పుడు.

కొత్త ఓపీ చీటీ తీశాను. పేరు అడిగాను. మా దగ్గరికి వచ్చినన్ని సార్లలో ఆవిడ పేరు అడగడం అదే మొదలు. ఫైల్లో అన్నిచోట్లా 'భార్య' అనే ఉంది. పగటినిద్ర పట్టిక ఆవిడ ముందు పెట్టి ఎనిమిది ప్రశ్నలూ అడిగాను. కూడితే 19. బాధ అన్న గడిలో 'నిద్ర లేదు' అని రాశాను.

'ఎన్నాళ్లనుంచి' అన్న గడి దగ్గర ఆగాను. మిషన్ తెచ్చుకున్నది మూడు నెలల కిందట. ఆ తేదీ కోసం బీరువాలోంచి మేస్త్రి ఫైలు తీస్తున్నాను.

"మూడు నెలలు రాయనా అమ్మా?"

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "ఈయన గురక పెద్దమ్మాయి అయిదో తరగతిలో ఉండగా మొదలైంది. దానికి మొన్ననే కొడుకు పుట్టాడు. పద్నాలుగేళ్లు వేయండి."

ఫైలు తెరిచాను. మొదటి కాగితానికి పాలలెక్క పేజీ పిన్ను కొట్టి ఉంది. అయిదేసి గీతల కట్టలు అయిదు, విడిగా నాలుగు. పైన నీలం సిరాతో ఒక వరస: 'ఊపిరి ఆగినవి 29. లెక్కపెట్టినది భార్య. రాత్రి 2 గంటల నుంచి 3 గంటల వరకు.'

దస్తూరి నాదే.