క్రిస్మస్ కప్‌కేకులు: పాలు లేవు, గుడ్లు లేవు, భయం లేదు

ఈసారి పండక్కి గుడ్డు, పాలు, వెన్న, తేనె ఏవీ తగలని కప్‌కేకులు చేద్దామనుకున్నారా? శుభం. మీ ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో ఉంటే సరుకులకు కొదవ లేదు, సలహాలకు అసలే లేదు. మేలైనవి ఏరి కింద ఇస్తున్నాం. తు.చ. తప్పకుండా పాటించండి.

1. బేగంబజార్ వైపు కన్నెత్తి చూడకండి

మూసీ దాటితే చాలు, అవిసె గింజలు, జీడిపప్పు, ఎండుకొబ్బరి, కిస్మిస్ బస్తాల్లో కనిపిస్తాయి. అదే అసలు చిక్కు. కిలోల లెక్కన తూచి ఇచ్చే సరుకుకు మర్యాద ఏముంటుంది? గుడ్డుకు బదులు వాడే పొడి ఏదైనా విదేశీ డబ్బాలో తెప్పించుకోండి. చెంచా అవిసె పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెడితే బంకలా మారి ఒక గుడ్డు పని చేస్తుందని ఎవరైనా అంటే, ‘అవిసెలు కారప్పొడికే’ అని తేల్చేయండి. తప్పనిసరైతే మాత్రం దంచకుండా గింజలు గింజలుగానే వేయండి. బంక రాకపోయినా, పళ్ల సందుల్లో ఇరుక్కుని సంక్రాంతి దాకా క్రిస్మస్‌ను గుర్తుచేస్తుంటాయి.

2. శనగల నీళ్లా? పులుసే పోసేయండి

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లను గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు లోకానికి చెప్పాడు. అందుకోసం ఉప్పు వేయకుండా ఉడికించాలట, నీళ్లు చిక్కబడాలట, చల్లారాక రెండు చుక్కల నిమ్మరసం వేసి ఓపిగ్గా గిలక్కొట్టాలట. పండగ పనుల్లో అంత తీరిక ఎవరికుంది? రాత్రి మిగిలిన ఛోలే పులుసు వడకట్టండి. వెల్లుల్లి వాసన వస్తే వెనీలా ఇంకాస్త దట్టించండి.

3. పిండి కలిపేసి, ఆ తర్వాత బేకరీలో వరస కట్టండి

ఇంట్లో కలిపిన కేకు పిండిని బేకరీకి తీసుకెళ్లి భట్టీలో కాల్పించుకోవడం జంటనగరాల్లో చాలా క్రైస్తవ కుటుంబాల పాత అలవాటు. మొహర్రంలో రోట్‌లకూ జనం అలాగే వెళ్తారు. ఆ అలవాటు గుడ్ల కేకుకు అచ్చొచ్చింది కాబట్టి మీ పిండికీ అచ్చొస్తుంది. మీ పిండి పొంగేది తినే సోడా, వెనిగర్ కలిసినప్పుడు పుట్టే బుడగలతోనే. అవి కలిసిన క్షణం నుంచే గ్యాస్ వదలడం మొదలుపెడతాయి కనుక వెంటనే పొయ్యి ఎక్కించాలంటారు తొందరపాటు మనుషులు. మీరు మాత్రం ఉస్మానియా బిస్కెట్ల ట్రేలన్నీ దిగేదాకా నిలబడండి. ఊరికే నిలబడకుండా గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండండి. ఉన్న బుడగలు పోతాయి, మైదాలో జిగురు సాగుతుంది, కేకు రబ్బరుకు పోటీగా తయారవుతుంది. ఇంట్లో ఓవెన్ ఉండి, 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాల్లో పని ముగించేవాళ్లకు ఈ దృఢత్వం ఎక్కడ దొరుకుతుంది?

4. కొబ్బరినూనెతో చలికాలం ఆట

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున సీసాలో తెల్లగా బిగుసుకున్న నూనెను మీరూ చూసే ఉంటారు. దాన్ని కరిగించి, అందులో ఫ్రిజ్‌లోంచి తీసిన సోయాపాలు అలాగే ఒంపండి. నూనె మళ్లీ గడ్డలు గడ్డలుగా విడిపోతుంది. ‘పాలు కాస్త గోరువెచ్చగా ఉంటే బాగుండేది’ అని ఎవరైనా నసిగితే, అవి కొబ్బరి ముక్కలని చెప్పండి. చెట్టు ఒకటే కదా, అబద్ధమూ కాదు.

5. పచ్చచుక్క చూసి కళ్లు మూసుకోండి

ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉందంటే శాకాహారం. శాకాహారమంటే మొక్కలు. లెక్క సరిపోయింది. ఆ చుక్క ఉన్న సరుకులో పాలపొడి, నెయ్యి, తేనె ఉండవచ్చనీ, వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలు, వేరే గుర్తు వచ్చాయనీ గుర్తుచేసేవాళ్లతో స్నేహం తగ్గించుకోండి. అన్నట్టు, నెయ్యి ఆవుకు పెట్టిన గడ్డిలోంచే వచ్చింది కదా!

6. అలంకరణలో ఆరా తీయకండి

బేకరీ చెర్రీల్లో చాలావరకు రంగేసి పాకం పట్టిన వాక్కాయలే. టుట్టీఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలు. రెండూ చెట్టు సరుకే, చవకే. కాబట్టి పక్కన పెట్టేయండి. కేకు మీద వెండి వరఖ్ ఉండాల్సిందే. చార్మినార్ సందుల్లో సుత్తిదెబ్బలతో వెండిని రేకుగా సాగదీయడం పాత పనితనం. ఒకప్పుడు ఆ వెండిని పశువుల పేగు పొరల మధ్య పెట్టి కొట్టేవారు. జంతు సంబంధమైనదేదీ వరఖ్ తయారీలో వాడకూడదని 2016లో దేశవ్యాప్తంగా నిబంధన వచ్చింది. అయినా మీ చేతిలోని రేకు ఏ పొర మధ్య సాగిందో దుకాణంలో అడగకండి. తళుకే కనబడుతుంది, పేగు కనబడదు.

7. పంచేటప్పుడు ఉపన్యాసం మరవకండి

రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపిన పక్కింటి ఖాలాకు గిన్నె ఖాళీగా తిరిగివ్వలేక కప్‌కేకులు పెడతారు కదా. కొరకనివ్వకండి. ముందు పాడి పరిశ్రమ గురించి పావుగంట చెప్పండి, తర్వాత ఆమె షీర్‌ఖుర్మాలోని పాల సంగతి ఎత్తండి. ‘రుచి బాగుంది’ అని ఆమె ఒక్కమాట అనేలోపే అందులో గుడ్డు లేదని మూడుసార్లు చెప్పండి. మొక్కల కేకు అంటే రుచి కాదు, త్యాగమని వాడ వాడంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటుంది. వచ్చే క్రిస్మస్‌కు మిమ్మల్ని కేకు అడిగేవాళ్లుండరు. మైదా ఖర్చు మిగులుతుంది, షీర్‌ఖుర్మా బెడదా వదులుతుంది.